వయసు అడిగితే

మల్లేశ్వరి ఆటో దిగీ దిగకముందే వాళ్లమ్మ భీమమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. ఎండన పడి వచ్చిన కూతురికి మంచినీళ్లివ్వలేదు, బాగున్నావా అని అడగలేదు.

"వచ్చినోళ్లు నీ వయసు అడిగితే ఇరవై అని సెప్పు," అంది.

పంతొమ్మిది కదా చెప్పాల్సింది అని మల్లేశ్వరి ఎత్తిపొడిచింది. అది పోయినేడాది మాట, ఏడాది తిరిగితే వయసు పెరగదా అని భీమమ్మ కసురుకుంది. అబద్ధానికి కూడా ఏటేటా పుట్టినరోజు చేసే ఇల్లు అది.

ఆ రోజు చెల్లెలు పల్లవికి తాంబూలాలు పుచ్చుకోవడానికి కోడుమూరు నుంచి మగపెళ్లివాళ్లు వస్తున్నారు. పల్లవికి పదిహేనేళ్లు, పదో తరగతి. వాళ్లకు మాత్రం పద్దెనిమిది నిండాయని చెప్పారు. చెల్లెలికి పద్దెనిమిదైతే అక్కకు ఇరవై రాక తప్పదు కదా! ముందురోజు ఫోన్లో పల్లవి ఏడవలేదు, బతిమాలలేదు, అక్కా నువ్వు వస్తావు కదా అని మాత్రం అడిగింది. ఆ గొంతు విన్నాక మల్లేశ్వరి ఆగలేకపోయింది. ఆదోనిలో బస్సెక్కి, ఎమ్మిగనూరులో దిగి, నందవరం వైపు పోయే ఆటో పట్టుకుని వచ్చింది. ఈ పెళ్లి ఆపాలనే వచ్చింది. ఎలా ఆపాలో మాత్రం దారంతా ఆలోచించినా తట్టలేదు.

తండ్రి బసవన్న చెడ్డవాడు కాదు. చిక్కంతా అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి తెంచుకోవచ్చు. వాన మొహం చాటేసింది, పత్తి నిలువునా ఎండింది. ఇక ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లా మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. దాన్ని ఈ పక్క సుగ్గి అంటారు. సుగ్గికి పోయేవాళ్లు ఎదిగిన ఆడపిల్లను ఎక్కడ పెట్టాలి? వెంట తీసుకుపోతే చేలగట్ల మీద గుడారాల్లో పడుకోవాలి. ఇంట్లో వదిలితే ఎవడి కన్ను పడుతుందోనని భయం. మూడు ముళ్లు వేయించి పంపేస్తే ఆ భయం అత్తగారింటికి పోతుంది. మల్లేశ్వరినీ అట్లాగే పంపించారు.

పదిహేనేళ్లకు పెళ్లి, ఏడాది తిరగకుండా కడుపు. ఎనిమిదో నెలలో కాళ్లు ఉబ్బి, తల పగిలిపోయేలా నొప్పి వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు అవన్నీ మామూలే అన్నారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసడిగితే పంతొమ్మిది అని చెప్పమన్నారు, చెప్పింది. ఆ రోజే ఫిట్స్ వచ్చాయి. తెలివి వచ్చాక నర్సు, నీ పేరేంటమ్మా అని అడిగితే, పంతొమ్మిది అందట. తన పేరు మరిచిపోయింది గానీ నేర్పిన పాఠం మరిచిపోలేదు. పాప పుట్టింది, ఏడవలేదు. ఎక్కడ పూడ్చారో కూడా మల్లేశ్వరికి చూపించలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే ఆమెకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది.

మగపెళ్లివాళ్లు వచ్చి చాపల మీద కూర్చున్నారు. మధ్యలో ఊరి పెద్దమనిషి కృష్ణప్ప. ఈ సంబంధం తెచ్చింది ఆయనే, మల్లేశ్వరి సంబంధం తెచ్చిందీ ఆయనే. పల్లవికి వాళ్లమ్మ పాత పట్టుచీరనే చుట్టారు. నడుం దగ్గర చీర ముద్దలా నిలబడింది. పేరంటాళ్లకు బొట్టు పెట్టమని మల్లేశ్వరి చేతికి కుంకుమ భరిణె ఇచ్చారు. పిల్లవాడి తల్లి బొట్టు పెట్టించుకుంటూ, పెద్దకూతురివా, నీకెన్నేండ్లు తల్లీ అని ఊరకనే అడిగింది. వంటింటి గడపలో భీమమ్మ నిలబడి కళ్లతోనే ఇరవై అంటోంది.

"పదిహేడు," అంది మల్లేశ్వరి.

బసవన్నకు పొలమారింది. ఆ తల్లి తనకు సరిగా వినపడలేదనుకుంది.

"పదిహేడా? మరి సెల్లెలికి పద్దెనిమిది నిండినాయంటిరే?"

"అదే నాకూ తెలీక అడగనీకి వచ్చినా. నా ఎనక పుట్టింది నన్ను దాటి ముందుకెట్ల పోయిందో."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. కృష్ణప్ప భుజం మీది తువాలు సర్దుకున్నాడు.

"గమ్మునుండు మే. పెద్దమనుషులు మాట్లాడేకాడ సిన్నపిల్లవు నీకేం పని?"

మల్లేశ్వరి కుంకుమ భరిణె కింద పెట్టింది. దారంతా వెతికినా దొరకని మాటను ఆయనే తెచ్చి చేతిలో పెట్టినట్టయింది.

"సిన్నపిల్లనా మామా? ఆ మాట రెండేండ్ల కింద ఈ సాప మీదనే కూసోని అనింటే బాగుండు. పదమూడేండ్లకే పెద్దమనిషినైనానని ఊరంతా పిలిసి పేరంటం సేసినారు. పెండ్లికి పెద్దమనిషిని, కాన్పుకు పెద్దమనిషిని. నోరు తెరిస్తే మాత్రం సిన్నపిల్లనైతినా?"

మల్లేశ్వరి పిల్లవాడి తల్లి వైపు తిరిగి జరిగిందంతా చెప్పింది. వాచిన కాళ్లు, ఫిట్స్, ఏడవని పాప, ఒక్కటీ దాచలేదు. ఆడవాళ్లు చెవిలో చెప్పుకునే సంగతులను మగవాళ్ల మధ్య నిలబడి గొంతు తగ్గించకుండా చెప్పింది. ఆ తల్లికి పిల్ల మీద జాలి కలిగిందో, తమకు అబద్ధం చెప్పారని రోషం వచ్చిందో గానీ తాంబూలం పళ్లెం ముట్టుకోకుండా లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు. ఇట్లాంటి ఇంటికి సంబంధం తేవడం నాదే బుద్ధితక్కువ అని కృష్ణప్ప చెప్పులేసుకున్నాడు. ఆయన నోట నిజం రావడం మల్లేశ్వరి అదే మొదటిసారి విన్నది.

ఇల్లు ఖాళీ అయ్యాక బసవన్న అరవలేదు. చాప మీదే చతికిలబడ్డాడు.

"పరువు పోతే పోనీలే. మేము సుగ్గికి పోతే దీన్ని యాడ పెట్టాల? నీ నెత్తిన పెట్టుకుంటావా?"

"పెట్టుకుంటా. ఆదోనిలో బడి లేదా?"

"మారుతిని అడిగినావా?"

"అడగలా. ఆయనకు నన్నిచ్చేటప్పుడు నన్నెవురడిగినారు?"

మారుతి ఆమె మొగుడు, పత్తి మిల్లులో పని చేస్తాడు. గొణుగుతాడు, తర్వాత ఊరుకుంటాడు. ఊరుకోకపోతే ఇవాళ తెరిచిన నోరు అక్కడా ఉంటుందనుకుంది. బసవన్న లేచి చాప చుట్టి మూలన పెట్టి, పల్లవితో, పుస్తకాలు సర్దుకో పో అన్నాడు.

భీమమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పెద్దకూతురి చేతికిచ్చింది.

"నేను సెప్పమంటేనే కదా ఆ పొద్దు పంతొమ్మిదని సెప్తివి," అంది మెల్లగా.

"అవును," అంది మల్లేశ్వరి.

కాదని ఊరడించడానికి మనసొప్పలేదు. నీళ్లు మాత్రం చుక్క మిగల్చకుండా తాగింది. అవునన్నది తల్లి మీద ప్రేమ లేక కాదు, ఆ ఇంట్లో ఇక అబద్ధం ఆడకూడదనుకుంది.

సాయంత్రం ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు కోసం అక్కాచెల్లెళ్లు కూర్చున్నారు. పక్కన శనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలామె పల్లవి ఒళ్లోని పుస్తకాల సంచీ చూసి, ఎన్నేండ్లు తల్లీ నీకు అని అడిగింది. పల్లవి అలవాటు కొద్దీ అక్క వైపు చూసింది.

"ఉన్నది సెప్పు," అంది మల్లేశ్వరి.

"పదహైదు."

"మరి మీ యక్కకు?"

"పదిహేడు," అని మల్లేశ్వరే చెప్పింది.

ముసలామె మల్లేశ్వరి మెడలోని తాళి వైపు ఒకసారి చూసి, ఇద్దరి దోసిళ్లలోనూ చెరిన్ని శనక్కాయలు పోసింది.

"తినండి. ఇద్దురూ సిన్నపిల్లలే."

ఈసారి ఆ మాటకు మల్లేశ్వరికి కోపం రాలేదు.