బేచిరాగ్

నీలిని చంపింది నేను పని చేసిన ఆఫీసు. దీని మీద వాదన లేదు. ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. మేనేజరు ఎక్కడున్నాడో తెలియదు. అయినా మాట మారదు.

నా పేరు దేవ్యా. మాది మహబూబాబాద్ దగ్గర తండా. ఐదు దాకా తండా బడి, పది దాకా పక్క ఊరి బడి. ఇంటర్ తప్పాను. జనగామలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నాను. 2009 చివర, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మళ్లీ రాజుకున్నప్పుడు, అక్కడే స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీద మ్యాపులు చేసే కంపెనీ పెట్టారు. అప్పటి ఉమ్మడి జిల్లాలో ఉన్న ప్రతి ఊరూ, తండా, గూడెం ఎక్కడుందో కొలిచి కంప్యూటర్ మ్యాపులో పెట్టాలి. ఆ మ్యాపు చూసుకునే కరెంటోళ్లు స్తంభాలు వేస్తారని, దవాఖాన వ్యాన్లు ఊళ్లకు వస్తాయని చెప్పారు. అడవి తండాలకు పోయేవాళ్లు దొరకలేదు. మా భాష వచ్చని నన్ను తీసుకున్నారు.

పని ఇది. తండా నడుమ నిలబడాలి. చేతిలో జీపీఎస్ మిషను. పైనున్న ఉపగ్రహాలు అందేదాకా కదలకూడదు. అంకెలు వచ్చాక నోటుబుక్కులో రాయాలి: అక్షాంశం, రేఖాంశం, పేరు, ఇండ్లు. వారానికోసారి నోటుబుక్కు ఆఫీసులో ఇవ్వాలి.

భూపాలపల్లి అడవుల్లో ఆ మిషను పట్టుకుని కదలకుండా నిలబడటం ఏమిటో నిలబడ్డవాడికే తెలుసు. పోలీసులు చూస్తే అన్నలకు దారులు గీస్తున్నావా అంటారు. అన్నలు చూస్తే పోలీసుల మనిషివా అంటారు. ఒక గూడెంలో ముసలాయన నన్ను గంటసేపు కూర్చోబెట్టాడు. మిషను ముందర పెట్టుకుని, "ఇది ఎవలకు చెప్తది?" అని అడిగాడు.

"పైనున్నదానికి" అన్నాను.

"పైనున్నోనికి మేం చెప్పుకుంటం గని, నువ్వు నడువు."

నడిచాను. వీపు మీద చూపులు ఆగిపోయేదాకా వెనక్కి తిరగలేదు. భయం నాకు అడవిలో పుట్టిందని చెప్పను. ముందే ఉంది. అక్కడ దానికి పని దొరికింది.

నా భార్య నీలి పుట్టిల్లు ఆ వైపే. భూపాలపల్లి నుంచి ఇరవై కిలోమీటర్లు లోపల, వాగు అవతల. కాళి అనే ముసలమ్మ ఎడ్లను తోలుకొచ్చి మొదట అక్కడ దిగిందట. ఆమె పేరే తండాకు పెట్టారు. 2010 ఎండాకాలంలో దాన్ని కొలిచింది నేనే, అత్త గోరీ ఇంటి ముందు నిలబడి. తండా వెనక నుంచి తారు రోడ్డు దాకా ఉన్న బండ్ల బాటను కూడా నడిచి కొలిచాను. నోటుబుక్కులో రాశాను: కాలి తండా, 31 ఇండ్లు.

ళ రాయాల్సిన చోట ల రాశాను. మా బడిలో ఎవరూ దిద్దలేదు. నేనూ పట్టించుకోలేదు.

2011 జూలైలో నన్ను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. మూడు నెలలు చూస్తారు, పనికొస్తే పర్మినెంటు. అక్టోబరు ఒకటి గడువు. ఎండలో తిరిగేవాడికి ఫ్యాను కింద కుర్చీ దొరికింది. నీలికి అప్పుడు ఏడో నెల.

రెండో వారంలో భూపాలపల్లి షీటు తెరిచాను. అత్తగారి తండా చూసుకుందామని వెతికాను. వాగు ఉంది. వాగు అవతల అంతా ఆకుపచ్చ, అడవి రంగు. తండా లేదు. బాట కూడా లేదు. వెనకున్న పట్టిక తెరిస్తే అంకెలు నావే. పేరు గడిలో గీత పెట్టి ఉంది. రకం గడిలో ఒకే మాట: బేచిరాగ్.

నోటుబుక్కులు చూసి ఎక్కించేది మౌనిక. లింగాల ఘనపూర్ పిల్ల.

"ఇది నువ్వే ఎక్కించినవా?"

"ఔనన్నా. కాలి తండా అని నువ్వే రాసినవ్ గదా. ముప్పై ఒక్క ఇండ్లు కాలి. జనం లేరనేగా."

"కాలి గాదు, కాళి. మనిషి పేరు."

"గట్లయితే గట్ల రాయాలె." నవ్వింది. "మా తాత పట్వారీ చేసిండు. జనం లేని ఊరిని కాగితాలల్ల బేచిరాగ్ అంటరని చెప్పేటోడు. దీపం లేని ఊరన్నట్టు. మేనేజర్ సార్‌కు గూడ తెల్వదు ఆ మాట. మెచ్చుకున్నడు."

"బాట ఏమైంది?"

"జనమే లేనప్పుడు బాట ఎందుకని సార్ తీసెయ్యమన్నడు."

కోస్తా పిల్ల ఎక్కించి ఉంటే కాలి అంటే ఏమిటని అడిగేది. మౌనిక మా వైపు పిల్ల. ఖాళీని మేం కాలి అనే అంటాం. అందుకే అడగలేదు.

మ్యాపు అప్పటికే అన్ని చోట్లకూ పంపేశారు. తప్పు దిద్దాలంటే ఒక ఫారం ఉంది. కొలిచినవాడు తప్పు తనదని రాసి సంతకం పెట్టాలి. మేనేజరు దాన్ని పైకి పంపాలి. జూన్‌లో జఫర్‌గఢ్ నుంచి వచ్చే వెంకట్ ఆ ఫారం పెట్టాడు. మేనేజరు అందరి ముందూ దాన్ని పైకెత్తి చదివాడు. "మీ వాళ్లకు ళ రాదు, ఖ రాదు. నోరు తిరగకపోతే పోనీ, చెయ్యి కూడా తిరగదా? రాష్ట్రం వచ్చాక కొత్త అక్షరాలు పెట్టుకుంటారేమో" అన్నాడు. మరునాటి నుంచి వెంకట్ కుర్చీ ఖాళీ.

నా పక్క కుర్చీ ఐలేశ్‌ది. పాలకుర్తి మనిషి. అతనికి చెప్పాను.

"పెట్టు ఫారం. పోతే పోయింది కొలువు" అన్నాడు.

"నీకేం, పొలం ఉంది."

"పొలంల ఏముంది, రాళ్లున్నయ్. కావాల్నంటే రా, ఏరుకుందాం."

"అక్టోబరు దాకా ఆగుతా."

"ఆగు మరి. తండా ఏడికి పోతది" అన్నాడు.

ఫారం నింపాను. జూలై ఇరవై అని తారీఖు వేసి సంతకం పెట్టాను. సొరుగులో పెట్టి తాళం వేశాను. రోజూ పొద్దున తాళం తీసి చూసేవాణ్ని. మేనేజరు చెప్పుల చప్పుడు వినబడగానే సొరుగు మూసేవాణ్ని.

ఆగస్టు చివర గోరీ వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. నీలి బట్టలు సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఏంది అట్ల చూస్తున్నవ్? దేశం దాటి పోతున్ననా?" అంది.

"అక్కడ దవాఖాన దూరం. ఇక్కడే ఉండరాదూ."

"అమ్మను ఒట్టి చేతులతోటి పంపుమంటవా? ఫోన్ చేస్తే వ్యాన్ వస్తది. నీ మ్యాపు చూసుకునే వస్తరని నువ్వే చెప్పినవ్ గదా."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను. గోరీ నన్నే చూస్తోంది. "జాగ్రత్త" అన్నాను.

నీలి పుట్టింటికి పోయాక లెక్క వేసుకున్నాను. కాన్పు అక్టోబరు మొదటి వారం అన్నారు. ఒకటో తారీఖున నా ఆర్డరు చేతికి వస్తుంది. అదే రోజు ఫారం ఇస్తాను. రెండు మూడు రోజుల్లో తండా మ్యాపులోకి వస్తుంది. ఈ లెక్కను ఎన్నిసార్లు చేశానో చెప్పలేను. చేసిన ప్రతిసారీ సరిపోయేది, మళ్లీ మొదటి నుంచి వేసేవాణ్ని.

సెప్టెంబరు పదమూడున సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. భూపాలపల్లి గనుల్లో బొగ్గు ఆగింది, కరెంటు పోయింది. మేనేజరు ఆఫీసుకు తాళం వేసి తన ఊరికి పోయాడు. ఫారం లోపలే ఉండిపోయింది. రోజూ మెట్లెక్కి ఆ తాళం చూసి దిగేవాణ్ని. కింద రోడ్డు మీద నినాదాలిచ్చేవాళ్లలో నేనూ కలిశాను. గొంతు చించుకుని అరిచాను. అరిచినంతసేపు భయం తెలియలేదు.

సమ్మె పదకొండో రోజు పొద్దున నా బావమరిది రాంజీ ఫోన్ చేశాడు.

"బావా, బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. మాయ పడలే. నెత్తురు ఆగుతలేదు. వ్యాన్‌కు ఫోన్ చేస్తే ఆ ఊర్ల జనం లేరంటున్నరు. నేను మాట్లాడుతున్న గదా, నేనెవల్ని మరి?"

వ్యాన్‌కు నేనే ఫోన్ చేశాను. ఎత్తిన ఆడమనిషి మర్యాదగానే మాట్లాడింది. నేను అంకెలు చెప్పాను. ఆ అంకెలు నాకు కంఠతా వచ్చు.

"అంకెలు కాదు సార్, ఊరి పేరు చెప్పండి."

"కాళి తండా."

"లిస్టులో లేదు సార్. ఆ చోట ఎవరూ ఉండరని వస్తోంది. దగ్గరి ఊరు చెప్పండి."

వాగు ఇవతలి ఊరి పేరు చెప్పాను. మ్యాపులో దగ్గరున్నది అదే. "వాగు దాటలేరు, వెనక నుంచి బండ్ల బాట ఉంది, దాని మీద పొమ్మనండి" అన్నాను.

"డ్రైవర్‌కు చెప్పాను సార్. అక్కడ బాట లేదంటున్నాడు. అడవిలోకి పోనంటున్నాడు."

ఐలేశ్ బండి తీశాడు. హనుమకొండ రోడ్డు మీద సమ్మె వాళ్లు పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు, దారి బంద్. పాలకుర్తి, జఫర్‌గఢ్ మీదుగా తిరిగిపోయాం. జఫర్‌గఢ్ దగ్గర పిలగాండ్లు రాళ్లు పెట్టి ఆపారు. "దవాఖాన పని" అని ఐలేశ్ అనగానే మారు మాట లేకుండా రాళ్లు జరిపారు. ఒకడు నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. వాళ్ల మీద నాకు కోపం లేదు. దారిలో మూడుసార్లు రాంజీకి ఫోన్ చేశాను. కలవలేదు. నాలుగోసారి చేయడానికి భయమేసింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక వెనక బాట మీదుగానే తండాకు చేరాం. బండి ఎక్కడా ఆగలేదు. వ్యాన్ కూడా హాయిగా వచ్చేది.

ఇళ్ల దగ్గర మగవాళ్లు లేరు. ఆడవాళ్లు వాగు వైపు చెయ్యి చూపించారు. మంచం మీద నీలిని వేసుకుని నలుగురు వాగు దాకా మోశారట. నీళ్లు ఛాతీ లోతున్నాయి. అవతలి ఒడ్డున తెల్ల వ్యాన్ తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. డ్రైవరు చేతులూపాడట. తాడు కోసం ఒకడు ఇంటికి ఉరికాడట. వాడు తిరిగొచ్చేలోపు నీలి పోయింది.

నేను చేరేసరికి మంచం ఒడ్డు మీదే ఉంది. ముఖం మీద గోరీ కొంగు కప్పారు. అవతల వ్యాన్ ఇంకా పోలేదు.

సమ్మె అయిపోయాక మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. ఈసారి భయం అతని ముఖంలో ఉంది. పేపర్లో పడితే, బయట జనానికి తెలిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. "తప్పు రాతలో జరిగింది, మనుషుల్లో కాదు. సర్వేయరు అక్షరదోషం అని రాయి. నీ పర్మినెంటు ఆర్డరు రెడీగా ఉంది" అన్నాడు.

నా కుర్చీకి వచ్చి సొరుగు తెరిచాను. జూలై ఇరవై ఫారం అలాగే ఉంది. దాన్ని చింపి జేబులో వేసుకున్నాను. కొత్త ఫారం మీద నవంబరు తారీఖు వేశాను. రెండు రోజుల్లో కాళి తండా మ్యాపులోకి వచ్చింది. ముప్పై ఒక్క ఇండ్లు, బాట, అన్నీ.

తర్వాత నా పని పెరిగింది. వేరే కంపెనీల్లో చేశాను. ఇప్పుడు నా కింద పదిమంది మ్యాపులు గీస్తారు. పేర్లన్నీ నేను మళ్లీ చదివాకే బయటికి పోతాయి. బిడ్డ గోరీ దగ్గర పెరిగింది.

నీలి దినాల నాడు తిండి పెట్టాక రాంజీ నా పక్కన కూర్చున్నాడు. మా భాషలో మెల్లగా అడిగాడు. "మ్యాపుల మా తండా లేదని నీకు ముందే ఎరుకనా బావా?"

"ఎరుక లేదు" అన్నాను.

నమ్మాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

రాంజీకి తెలుగు చదవడం వచ్చు. అందుకే ఇదంతా తెలుగులో రాశాను. చదివాక అతను వచ్చి అడిగినా, నా బిడ్డ అడిగినా జవాబు ఉండదు. ఈ సంగతి మళ్లీ నా నోట రాదు.