గంటమ్మ కొట్టని గంట

ధ్యానశాలకు రావడం మొదలుపెట్టాకే ఆవిడ గంటమ్మ అయింది. టైర్ల దుకాణం పైన ఒక పొడవాటి గది, గోడవారగా బుద్ధుడి విగ్రహం, నేలమీద నీలం దిండ్లు. కింద పంక్చర్లు వేసేవాళ్ల సుత్తి చప్పుడు ఎప్పుడూ ఉండేదే. అందరూ దిండ్ల మీద మఠం వేసుకుని కూర్చుంటారు. గంటమ్మ మోకాళ్లు వంగవు. అందుకని ఆవిడ ఒక్కదానికే కుర్చీ. ఎదురుగా గోడగడియారం, ఒళ్లో కంచు గిన్నె, చేతిలో చిన్న కర్ర. గిన్నె ఒకసారి మోగితే ధ్యానం మొదలు, రెండోసారి మోగితే ముగింపు. మిగతావాళ్లు కళ్లు మూసుకుంటే, ఆవిడ గడియారం వంక గుడ్లప్పగించి చూస్తుంది.

"నీది ధ్యానం కాదమ్మా, కాపలా," అంటుంది పక్క దిండు మీద కూర్చునే వదిన.

"కాపలా లేకపోతే నీ గురక ఎవరు వింటారు వదినా?"

గంట మోగేదాకా ఎవరూ లేవకూడదు, కదలకూడదు, కళ్లు తెరవకూడదు. ఆ నియమం పెట్టింది అక్కడ ధ్యానం నేర్పే భిక్షుణి అక్కగారు. "నేనైనా సరే," అని కూడా అన్నారు. ఒకసారి కిటికీలోంచి వానజల్లు కొడుతుంటే, ఆ పక్కన కూర్చునే పళ్ల డాక్టరు తడిసి ముద్దయ్యాడే గాని ఇటు నుంచి అటు జరగలేదు. ఆ తర్వాత వారమంతా తుమ్ముతూ ధ్యానం చేశాడు.

అక్కగారు ఈ రోజు వెళ్లిపోతున్నారు. వేరే ఊళ్లో కొత్త ధ్యానశాల పెట్టారు, ఇక మీదట అక్కడే. ఉదయం ధ్యానం అవగానే కారు, ఆ తర్వాత రైలు.

గంటమ్మకు ఎవరు బయల్దేరుతున్నా గుండెదడే. ఒకప్పుడు భర్త బల్బు కొనుక్కొస్తానంటే, పొయ్యి మీద కూర మాడుతోందని తల తిప్పకుండానే "ఊఁ" అంది. ఆయన రోడ్డు మీదే కుప్పకూలి, మళ్లీ లేవలేదు. అప్పటినుంచి గ్యాస్ బండ తెచ్చిన మనిషిని కూడా వీధి మలుపు తిరిగేదాకా చూసి గాని తలుపు వేయదు. ఇక రైళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆవిడ చెప్పిన టైముకు బయల్దేరితే మన రైలే కాదు, దాని ముందు రైలు కూడా దొరుకుతుంది. అక్కగారికి కారు మాట్లాడింది ఆవిడే.

గడియారం ముల్లు ధ్యానం ముగిసే చోటికి చేరింది. గంటమ్మ కర్ర ఎత్తింది. గిన్నె మోగితే అక్కగారు లేస్తారు. లేస్తే సంచీ అందుకుంటారు. ఆ తర్వాత మెట్లు. మెట్ల కింద కారు. కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"ఇంకొక్క నిమిషం," అనుకుంది.

ముల్లు ఆవిడ మాట వినలేదు, తన దారిన తాను పోతూనే ఉంది. చివరి రోజు కదా, ఎక్కువసేపు కూర్చోబెడుతున్నారని మురిసిపోయి, ముందు వరసలోని దర్జీ వెన్ను నిటారుగా చేశాడు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ రోజూ రోగుల నోళ్లు తెరిపించే పళ్ల డాక్టరుకు ఆ మాటకు అర్థం ఇప్పుడే తెలిసివస్తోంది.

"గంటమ్మా, నిద్రపోయావా?" అని గొణిగింది వదిన.

"ష్! పరీక్ష పెడుతున్నారు," అన్నాడు దర్జీ కళ్లు తెరవకుండా.

"ఎవరికి?"

"మనకే. అక్కగారి చివరి పాఠం."

"పాఠం తిమ్మిరై తొడలదాకా ఎక్కిందయ్యా. నడుందాకా వస్తే నన్ను మోయాల్సింది నువ్వే!"

"ష్!"

కింద కారు హారన్ మోగింది. మళ్లీ మోగింది. చివరికి డ్రైవరే మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు విప్పి లోపలికి తొంగిచూస్తే అందరూ బొమ్మల్లా ఉన్నారు.

"రైలుకెళ్లేది ఎవరండీ?"

గంటమ్మ వేలు పెదాల మీద పెట్టుకుని, ఖాళీ దిండు చూపించింది. అతను ఏమనుకున్నాడో ఏమో, బుద్ధిగా కూర్చున్నాడు. కాసేపటికి కాళ్లు బారజాపి గురక అందుకున్నాడు. వదిన గురక కంటే అదే నయం, కాస్త శ్రుతిలో ఉంది.

గంటమ్మ అక్కగారి వైపు తిరిగింది. ఈసారైనా కళ్లారా చూసుకోవాలని. చూస్తే, అక్కగారి నుదుటి మీద చెమట. పెదవి పళ్ల కింద ఉంది. ఎడమ మోకాలి మీద చెయ్యి బిగుసుకుపోయింది. ఆ మోకాలికి రోజూ సాయంత్రం నూనె రాసేది గంటమ్మే. తాను పెట్టిన నియమం కాబట్టి ఆవిడ కదలడం లేదు.

"అయ్యో, వదల్లేక పట్టుకున్నాననుకున్నాను, నలిపేస్తున్నాను," అనుకుని గంటమ్మ గిన్నెను గట్టిగా బాదింది.

"స్టేషనొచ్చిందా?" అంటూ డ్రైవరు ఎగిరిపడ్డాడు.

మిగతావాళ్లెవరూ లేవలేకపోయారు. అందరి కాళ్లూ తిమ్మిరెక్కిపోయాయి. దర్జీ సగం లేచి పళ్ల డాక్టరు ఒళ్లో కూలబడ్డాడు. కారు దాకా సాగనంపాలని తెచ్చిన పూలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కుర్చీలో కూర్చున్న గంటమ్మ కాళ్లు మాత్రం కులాసాగా ఉన్నాయి. సాగనంపడమంటే హడలిపోయే మనిషి తప్ప సాగనంపడానికి ఇంకెవరూ మిగల్లేదు.

డ్రైవరు సంచీ తీసుకుని ముందు దిగాడు. గంటమ్మ అక్కగారికి భుజం ఆసరా ఇచ్చింది. ఒకరి మోకాలు వంగదు, ఇంకొకరి మోకాలు సాగదు. మెట్టుమెట్టుకూ ఇద్దరూ ఆగాల్సి వచ్చింది.

"గడియారం ఆగిందా ఏమ్మా?"

"లేదక్కగారూ. నేనే ఆగిపోయాను."

"తెలుసు. కన్ను తెరిచి చూశాను."

"మరి నియమం?"

"అందుకేగా ఒకటే తెరిచాను!"

గంటమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "రైలు తప్పిపోతుందేమో అక్కగారూ."

"నువ్వు మాట్లాడిన కారు కదమ్మా ఇది. స్టేషన్లో ఇంకోసారి ధ్యానం చేసుకున్నా టైము మిగులుతుంది."

అక్కగారు కారు ఎక్కి, కిటికీలోంచి గంటమ్మ చెయ్యి పట్టుకున్నారు. "వెళ్లొస్తానమ్మా."

గంటమ్మ "ఊఁ" అనలేదు. ఆ మొహం వంకే సూటిగా చూస్తూ, "వెళ్లి రండి," అంది.

కారు మలుపు తిరిగింది. తిరిగాక కూడా ఆవిడ కాసేపు అక్కడే నిలబడింది. పైనుంచి వదిన కేక వినిపించింది.

"వెళ్లారా?"

"వెళ్లారు!"

"ఆవిడ వెళ్తే వెళ్లారు గాని, నువ్వు పైకి రావే తల్లీ! మా కాళ్లింకా రాలేదు!"

గంటమ్మ ముక్కు చీదుకుని, చేతిలో ఇంకా ఉన్న కర్రను చూసుకుని, వాళ్లను ఒక్కొక్కళ్లనీ లేవదీయడానికి మెట్లెక్కింది.