కోటా వర్తకుడి అద్దె

పాతికేళ్లు రైల్వే క్వార్టర్లో బతికినవాడికి ఇంటిపన్ను సంగతి తెలియదు. అద్దె జీతంలోనే పట్టేసుకుంటారు, గుమ్మంలోకి వచ్చి అడిగేవాడుండడు. అందుకే బిలాస్‌పూర్ ఊళ్లో రెండు గదుల పెంకుటిల్లు కట్టించాక, మునిసిపాలిటీ పంపిన మొదటి కాగితంతో సన్యాసిరావు చుట్ట ముట్టించుకున్నాడు. రైలు కంపెనీవాడికి పన్నేమిటన్నాడు. తర్వాత వచ్చిన కాగితాలకూ అదే గతి పట్టింది. లోకో షెడ్డులో ఫిట్టరు. బోల్టు బిగించడం ఒక్కటీ వచ్చు. మిగతా లోకమంతా తెలుసు.

అతను రిటైరై ఆ ఇంట్లో దిగిన ఏడాదికి జప్తు నోటీసొచ్చింది. నాలుగేళ్ల బకాయి ముప్పై రెండు రూపాయలు. కట్టకపోతే పట్టుకుపోయే సామాన్లలో మొదట రాసినవి అతని పెళ్లాం చిన్నమ్మి ఇత్తడి గుండిగలు నాలుగూను. తెలుగువాళ్ల పెళ్లిళ్లకు వాటిని అద్దెకిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

చిన్నమ్మి తనే ఆఫీసుకు వెళ్లి కనుక్కుంది. ఇల్లు ఖాళీగా ఉన్న కాలానికి పన్ను మాఫీ చేస్తారనీ, అర్జీ పెడితే కమిటీ మెంబరు వచ్చి విచారిస్తాడనీ గుమాస్తా చెప్పాడు. ఆమె గుండె కుదుటపడింది. రిటైరయ్యే దాకా వాళ్లుండింది క్వార్టర్లో. కట్టించాక ఆ మూడేళ్లూ ఈ ఇంటికి తాళమే. వాన కారే ఇంటిని ఎవరద్దెకు తీసుకుంటారు? అర్జీ రాయించి మొగుడి ముందు పెడితే, చదవకుండానే సంతకం చేశాడు. చదవబోతే చదువు రాదని తెలిసిపోతుంది మరి.

మెంబరు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎదురింటి త్రినాథరావును పిలిచి అడిగాడు. అతనూ షెడ్డువాడే. ఇల్లు ఖాళీ ఏమిటి, పక్కనున్న కోటా ఊరి నుంచి వచ్చిన బియ్యం వర్తకుడొకడు నెలకు ఆరు రూపాయల అద్దెకుండేవాడు కదా అన్నాడు. రోజూ సాయంత్రం దీపం కనిపించేదన్నాడు. సన్యాసిరావే షెడ్డంతా చెప్పుకున్నాడట.

చిన్నమ్మికి అప్పుడర్థమైంది. కొత్తిల్లు సందెవేళ చీకటిగా ఉండకూడదని, మూడేళ్లూ దీపం పెట్టి రమ్మని మొగుడికి నూనె ఇచ్చి పంపింది తనే. ఆ నూనెతో ఈ మహానుభావుడు ఒక వర్తకుణ్ణే పుట్టించాడు. ఇల్లు కట్టి అద్దెకు ఇవ్వలేకపోయాడని షెడ్డులో నవ్వుతారని.

అద్దె వచ్చిన ఇంటికి మాఫీ ఉండదంటూ మెంబరు కాగితాలు మడిచాడు. సన్యాసిరావు మీసం సవరించుకుంటూ కూర్చున్నాడు. గుండిగలు పోతే పోనీ, మాట పోకూడదు.

"ఆ వర్తకుడి పేరేటి, మావా?" అంది చిన్నమ్మి.

"పేరా... కోటా సేఠ్ అనే పిలిచీవోళ్లం."

"ఒక్క నెలద్దె నా చేతిలో ఎట్టినావా?"

అతను వీధిలోకి చూశాడు. ఆమె మెంబరు వైపు తిరిగి, వచ్చిన హిందీలో మెల్లగా చెప్పింది: ఈయన నోరు విప్పకపోతే జాబితాలో గుండిగల కింద ఈయన్ని కూడా రాసుకోండి, ఒకేసారి పట్టుకుపోవచ్చు.

మెంబరు పెద్దగా నవ్వాడు. త్రినాథరావు నవ్వలేదుగానీ, రేపు షెడ్డులో చెప్పబోయేదంతా అతని మొహంలో కనిపిస్తూనే ఉంది. సన్యాసిరావు నేల చూసుకుంటూ, అద్దెకెవరూ లేరన్నాడు. మళ్లీ గట్టిగా చెప్పమంటే మళ్లీ చెప్పాడు.

మూడేళ్ల పన్ను కొట్టేశారు. మిగిలిన ఎనిమిది రూపాయలూ చిన్నమ్మి రెండు పెళ్లిళ్ల అద్దెతో కట్టేసింది.

నెల తిరక్కుండానే సన్యాసిరావు అరుగెక్కి, తన సర్వీసు చూసి మెంబరు లేచి నిలబడ్డాడనీ, పన్ను మాఫీ చేసి మరీ వెళ్లాడనీ దారేపోయేవాళ్లకు చెబుతున్నాడు. చిన్నమ్మి లోపల్నుంచి పెద్ద గుండిగ తెచ్చి అతని పక్కన పెట్టింది. క్వార్టర్లలో సింహాచలం ఇంట పెళ్లి, మధ్యాహ్నంలోగా అందాలి.

"నాను మొయ్యాలేటి? అందరూ చూస్తారే," అన్నాడు.

"నువ్వు కాకపోతే ఎవులు మోస్తారు, మావా? అద్దెకున్న సేఠ్ వస్తాడేటి?"

సన్యాసిరావు గుండిగ నెత్తికెత్తుకున్నాడు.