చైతన్య కారులో అమ్మణ్ణి గారి జాడీ

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. కోకాపేటలో ఇరవై మూడో అంతస్తులో ఉండే అమ్మణ్ణి గారు సొంత మనవడి చేత కారు ఎలా నడిపించారో చెబుతాను. ఇంకాస్త ముందుకు రండి, గట్టిగా చెప్పే సంగతి కాదిది.

మనవడి పేరు చైతన్య. హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. మనిషి బంగారమే గానీ స్టీరింగు చేతికొస్తే పూనకం వచ్చినట్టు ఉండేవాడు. ముందు ఏ బండి కనిపించినా దాన్ని దాటితే తప్ప వాడికి తిన్నది అరగదు. కుడివైపు సందు లేకపోతే ఎడమవైపు దూరేవాడు. నెల కిందట ఒక బస్సును అలాగే ఎడమవైపు నుంచి దాటబోయాడు. స్టాపు వచ్చిందని బస్సు పక్కకు రాగానే బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక సీట్లో ఉన్న నాలుగేళ్ల కూతురు రసజ్ఞ పెదవి ముందు సీటుకు కొట్టుకుని చిట్లింది.

వాడి భార్య ఉమాశ్రీ అరవలేదు, ఏడవలేదు. వేసవి సెలవులని పాపను తీసుకుని గోపన్‌పల్లిలోని పుట్టింటికి వెళ్లింది. బడి తెరిచే వారం వచ్చేసరికి ఫోను చేసింది.

"పాప ఇక నీ కారెక్కదు చైతూ. ఎక్కాలంటే మామ్మగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, మనింటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఒక్కసారి పద్ధతిగా నడుపుకుంటూ రా. ఎలా నడిపావో ఆవిడ చెప్పాలి. బాగా నడిపావంటే నీతోనే వస్తాం. లేదంటే క్యాబులో వస్తాం. బడి తెరిచాక బడికి కూడా అంతే."

కన్నకూతురు తండ్రి బండి కాదని అద్దె బండి ఎక్కడమా? అమ్మణ్ణి గారికి ఆ మాట ముల్లులా దిగింది. మనవడి సంగతి ఆవిడకు తెలుసు. మొదటి మలుపు దాకా బుద్ధిమంతుడే, రెండో మలుపులో మళ్లీ పాత చైతన్యే. నీతులు చెబితే వినే వయసు వాడికి దాటిపోయింది. అయితే వాడికి ప్రాణమైనదొకటి ఉంది. కొత్త కారులో మీగడ రంగు సీట్లు. వాటి మీద నీళ్ల సీసా పెట్టినా వాడి గుండె ఆగిపోతుంది.

శనివారం పొద్దున ఆవిడ అటక మీది పెద్ద జాడీ దింపించారు. లోపల ఒక పాత తువ్వాలు కుక్కి, మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టారు. ఆ గుడ్డ మీద కాస్త నువ్వులనూనె, ఎర్రటి కారం, ఆవపిండి రాశారు. వాసన ముక్కు అదిరిపోయేలా ఉంది. అసలు ఆవకాయనే పట్టుకెళ్లొచ్చు కదా అంటారేమో. వాడి కారులో అసలు ఆవకాయ పెట్టేంత ధైర్యం ఆవిడకెక్కడిది?

కారు తలుపు తీసి చైతన్య నిలబడిపోయాడు.

"ఏంటి మామ్మా అది?"

"మీ అత్తగారికి ఆవకాయ. నిన్ననే కలిపాను. నూనె అంచుదాకా ఉంది నాన్నా."

"మూత ఏది?"

"మూడోనాడు తిరగ కలిపేదాకా మూత పెట్టకూడదురా. బూజు పడుతుంది. గుడ్డ ఉందిగా."

"గుడ్డ నూనెను ఆపుతుందా మామ్మా?"

"నువ్వు మెల్లగా పోతే ఆపుతుంది."

ఆవిడ బెల్టు పెట్టుకుని, జాడీని పసిపిల్లలా ఒడిలో పెట్టుకున్నారు. చైతన్య కారును పెళ్లిపల్లకీలా కదిలించాడు. యాభై అని బోర్డు ఉన్నచోట ముల్లు నలభై ఎనిమిది దగ్గరే నిలబడింది. స్పీడ్ బ్రేకర్ వస్తే వంద గజాల ముందు నుంచే కాలు బ్రేకు మీదకు పోయేది.

నార్సింగి వైపు తిరిగాక ముందు ఒక నీళ్ల ట్యాంకరు తగిలింది. గోపన్‌పల్లి వీరేశం నడిపేది అది. వీళ్ల అపార్ట్‌మెంటుకు నీళ్లు పోసేదీ అతనే. ట్యాంకరు నీళ్లు కార్చుకుంటూ, ఊగుతూ పోతోంది. రోడ్డు మధ్యన తెగకుండా తెల్లగీత, అంటే దాటకూడదు. చైతన్య వేళ్లు స్టీరింగు మీద తాళం వేశాయి. కారు ముక్కు ఎడమవైపు సందులోకి వంగింది.

"నూనె, నూనె, నూనె," అన్నారు అమ్మణ్ణి గారు, జపం చేసినట్టు.

కారు ముక్కు మళ్లీ వెనక్కి వచ్చింది.

నార్సింగి సిగ్నల్ దగ్గర ట్యాంకరు, కారు పక్కపక్కన ఆగాయి. వీరేశం కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏంది సారు, గిట్ల ఎడమకెళ్లి దూరుతున్నవ్? గాడికొస్తే నా అద్దంల నువ్వు కనవడవు. నేను జర పక్కకు తిప్పిన్ననుకో, నువ్వున్నవని టైరుకే తెలుస్తది, నాకు తెల్వది."

చైతన్య ఆ అద్దం వైపు చూశాడు. వీరేశం చూపు వెనక సీటు మీద పడింది.

"అవ్వా, బాగున్నవా? ఒడిల ఏందది, గుమగుమ వస్తున్నది?"

"ఆవకాయ వీరేశం."

"జర ఇటు ఇయ్యరాదు, పగటి సద్దిల నంజుకుంట," అంటూ అతను నవ్వుతూ చెయ్యి చాపాడు.

ఆవకాయ జాడీ మీదకు పరాయి చెయ్యి వస్తే గోదావరి జిల్లా ఆడవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. డెబ్బై ఆరేళ్ల అమ్మణ్ణి గారు ఆలోచించకుండానే ఆ జాడీని ఒంటిచేత్తో ఎత్తి, సీటుకు అవతలి పక్కన దాచేశారు. దాచాక గుర్తొచ్చింది, నిండు జాడీ అయితే పదిహేను కిలోలు ఉండాలని.

మెల్లగా తల ఎత్తారు. ముందు అద్దంలో రెండు కళ్లు ఆవిడనే చూస్తున్నాయి.

పచ్చలైటు పడింది. ఇక అయిపోయింది, ఎగిరిపోతాడనుకుని ఆవిడ తలుపు పిడి పట్టుకున్నారు. కారు అదే నలభై ఎనిమిదిలో కదిలింది.

"జాడీ జాగ్రత్త మామ్మా, ఇంకా చాలా దూరం ఉంది," అన్నాడు చైతన్య. చూశాడా, చూడలేదా? ఆ గొంతులో ఏమీ దొరకలేదు ఆవిడకు.

ఇంకాస్త దూరం పోయాక తుక్కు సామాను వేసుకున్న ఆటో ఒకటి నత్తలా పోతూ కనిపించింది. ఇక్కడ గీత ముక్కలు ముక్కలుగా ఉంది, దాటొచ్చు. చైతన్య తొందరపడలేదు. ఎదురుగా వచ్చే రెండు బండ్లను వెళ్లిపోనిచ్చాడు. వెనక అద్దం చూసి, కుడి లైటు వేసి, ఒక్కసారి చిన్నగా హారను కొట్టి, మధ్యలో మనిషి నడిచేంత జాగా వదిలి ఆటోను దాటాడు. ఆటో మొత్తం అద్దంలో కనిపించాకే మళ్లీ ఎడమకు వచ్చాడు. అమ్మణ్ణి గారు అప్పుడు గానీ తలుపు పిడి వదలలేదు.

గోపన్‌పల్లిలో గేటు దగ్గరే ఉమాశ్రీ, ఆమె చెయ్యి పట్టుకుని రసజ్ఞ. ఉమాశ్రీ కారు వైపు చూడలేదు, అమ్మణ్ణి గారి వైపే చూసింది.

"చెప్పండి మామ్మగారూ."

ఆవిడ నోరు తెరిచేలోపే చైతన్య అందుకున్నాడు.

"ముందు వేడన్నం పెట్టు ఉమా. మామ్మ కొత్తావకాయ తెచ్చింది. జాడీ నువ్వే విప్పు."

"మూడోనాటిదాకా విప్పకూడదమ్మా," అన్నారు ఆవిడ గబగబా.

అప్పటికే ముడి ఊడింది. ఉమాశ్రీ తువ్వాలు బయటికి తీసి, దాన్నీ ఆవిడనూ మార్చి మార్చి చూసింది.

"ఇదేం ఆవకాయ మామ్మగారూ?"

"తువ్వాలావకాయ," అన్నాడు చైతన్య. "నార్సింగిలోనే తెలిసింది నాకు. ఒంటిచేత్తో ఎత్తింది మహాతల్లి."

ఉమాశ్రీ నవ్వబోయి ఆగింది. "నార్సింగి నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చాడు?"

"బోర్డు మీద అంకె దాటలేదు. ఒక్క ఆటోను దాటాడు, అదీ కుడివైపు నుంచే. నా జాడీ మీద ఒట్టు," అన్నారు అమ్మణ్ణి గారు. తర్వాత మనవడి వైపు తిరిగారు. "తెలిశాక కూడా ఎందుకు ఎగరలేదురా?"

చైతన్య కారు తాళం వేళ్ల మధ్య తిప్పాడు. "వీరేశం అద్దంలో నేను కనపడనన్నాడు. నేను కనపడకపోతే పాపా కనపడదు కదా మామ్మా." తువ్వాలు వైపు చూసి, "అయినా నువ్వెంతసేపు ఆ తువ్వాలును కాపాడతావో చూద్దామనిపించింది," అన్నాడు.

ఉమాశ్రీ లోపలికి వెళ్లి పాప సంచీ తెచ్చింది. రసజ్ఞను మీగడ రంగు సీట్లో కూర్చోబెట్టి, తానే బెల్టు బిగించింది.

అదీ జరిగింది. దీన్ని మనసులో పెట్టుకోండి. మీ ఇళ్లలోనూ ఎడమ సందుల్లో దూరే వీరులుంటారు. వాళ్లు బండి తాళం తియ్యకముందే కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. నా పేరు మరిచిపోయినా పరవాలేదు, అమ్మణ్ణి గారి పేరు మాత్రం వదలకండి.