చెప్పకుండా మార్చిన సీను

లారీ కేబిన్‌లో కూర్చుని ఉన్నాను, కానీ ముందు అద్దంలోంచి రోడ్డుకు బదులు ఒక సినిమా హాలు కనిపిస్తోంది, వరుసల నిండా జనం మా వైపే చూసి నవ్వుతున్నారు, స్టీరింగ్ ముందున్న ఖలందర్ భాయ్ గేరు మార్చినప్పుడల్లా ఆ నవ్వు పెరిగి తగ్గుతోంది. అతను పోయి మూడేళ్లయిందని నాకు తెలుసు. దానికి కాదు, అతను లారీ నడపడమే నాకు వింతగా ఉంది.

"ఎప్పుడు నేర్చుకున్నావు భాయ్?"

"రాసినోడికి రాదా అప్పా?" అంటాడు, ముందు అద్దం మీంచి చూపు తిప్పకుండా.

మేమిద్దరం కలిసి రాసింది ఒకే ఒక్క సినిమా. మాటమాటకీ తప్పులు దిద్దే తెలుగు మాస్టారు, నోటికొచ్చినట్టు పాడుకునే లారీ డ్రైవరు, ఇచ్ఛాపురం నుంచి ఆదోని దాకా పోట్లాడుకుంటూ పోతారు. మాస్టారి మాటలు శ్రీకాకుళం వాణ్ని నేను రాశాను, డ్రైవరు మాటలు ఆదోని వాడు ఖలందర్. ఇరవై ఆరేళ్లయినా ఏదో ఒక టీవీలో వస్తూనే ఉంటుంది.

లారీ ఆగినట్టు లేదు గానీ ఇప్పుడు మేం హాల్లో వెనక వరుసలో ఉన్నాం, ఇంజను వేడి ఇంకా మోకాళ్లకు తగులుతోంది, మా ముందు తల్లి ఒళ్లో కూర్చున్న పాప తెర మీద డ్రైవరు నోరు తెరవకముందే అతని మాట చెప్పేస్తోంది.

"మనం రాసేనాటికి దీని అమ్మే బడికి పోతాండె," అంటాడు ఖలందర్. "యాల నవ్వుతాండారప్పా ఇంకా?"

"ఆఖరికి కూడా ఇద్దరిలో ఒక్కడూ మారడు కదా భాయ్. మాస్టారు దిద్దడం మానడు, అతగాడు తప్పు పాడడం మానడు. అందరిళ్లల్లోనూ అలాంటోళ్లే ఉంటారు. మారకపోయినా కలిసుండొచ్చని చూస్తే జనానికి ప్రాణం కుదుటపడతాది."

ఆఖరు అనగానే తెర మీద అదే సీను మొదలవుతుంది. ఖలందర్ రాసినదాంట్లో ఇద్దరూ కౌగిలించుకుని ఏడుస్తారు. షూటింగు నాటికి అతను కూతురు పుట్టిందని ఊరెళ్లాడు. ఆ పొద్దున నేను అది కొట్టేసి వేరేది రాసిచ్చాను: మాస్టారు లారీ దిగి నాలుగడుగులు వేసి, బండి వెనక రాతలో తప్పు చూసి, తిరిగొచ్చి సుద్దముక్కతో దిద్దుతాడు, ఆయన దిద్దేదాకా డ్రైవరు బండి కదపడు. ఖలందర్ దాన్ని మొదట చూసింది విడుదల రోజే. సినిమా అవగానే లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మేం కలిసి ఒక్క అక్షరం రాయలేదు.

"తప్పు చేశాను భాయ్," అంటాను. "ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను. నీ సీను తీసేశాను."

"నీ సీనే బాగుండాది. ఆ పొద్దే తెలిసె నాకు. నా కోపం దానికి కాదు. ఫోన్ చేసి, ఇట్ల మారుస్తాండా అని ఒక్క మాట చెప్పకపోతివి."

"వద్దంటావని భయమేసింది."

"అంటాంటి. కొట్లాడుకుంటాంటిమి. అదే కదప్పా మన పని," అని అతను నవ్వుతాడు, ఆ నవ్వు హాలంతటి నవ్వులో కలిసిపోతుంది.

"అయినా సుద్దముక్క కాదు, బొగ్గు పెట్టుండాల్సింది," అంటాడు.

"తెలుగు మాస్టారి జేబులో బొగ్గెందుకుంటాది?"

"లారీ డ్రైవరు ఇస్తాడు."

"అడిగి తీసుకుంటే ఆయన మాస్టారెలా అవుతాడు?"

మా గొంతులు పెరుగుతాయి, ముందు వరుసల వాళ్లు తెర వదిలేసి మా వైపు తిరిగి నవ్వుతున్నారు, చూస్తుండగానే హాలు మళ్లీ కేబిన్ అవుతుంది, బయట సజ్జచేలు మెల్లగా వెనక్కి పోతున్నాయి, స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది, ఖలందర్ ఆవులిస్తూ నా భుజం తడతాడు.

"కొంచెం జరుగప్పా. నేనూ నడుం వాలుస్తా."

జరుగుతాను.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. గుమ్మంలో నా భార్య సత్యవేణి నిలబడి ఉంది.

"ఏటండీ, అలా గోడకంటుకుపోయి పడుకున్నారు?" అంది. "మంచమంతా ఖాళీయే కదా."