రెండో ఈల

రెండు చొక్కాలూ ఆమే ఇస్త్రీ చేసింది, తనది ఆఖర్న. "నీ కాలరు నలిగింది చూడు," అన్నాడు మొగుడు, ఆమె చేసిన చొక్కా తొడుక్కుంటూ. ఆయన చూపు అంతే. తన పని మీద తప్ప లోకంలో అన్నిటి మీదా ఉంటుంది.

ఇద్దరూ బాస్కెట్‌బాల్ రిఫరీలు. ఆయనకి ఇరవై ఏళ్ళ అనుభవం. తన ఈలకి ఒకసారి పైన ఎగిరే కాకి కూడా గాల్లోనే ఆగిపోయిందని చెబుతాడు. కాకి వచ్చి కాదనలేదు కనక నమ్మాలి. ఆమెకి నాలుగేళ్ళు. "ఒక ఇంటికి రెండు ఈలలెందుకే?" అని అత్తగారు ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఇవాళ కోర్టు పక్క మెట్ల మీద, రిఫరీల పని చూసి మార్కులేసే పరిశీలకురాలు కూర్చుంది. ఆవిడ బాగుందంటేనే ఆమెకు పెద్ద ఆటలకి పిలుపు.

ఆటకి ముందు మొగుడూ పెళ్ళాలు కోర్టు పంచుకున్నారు. ఈ బుట్ట కింద ఆమె, వెనక మధ్యగీత దగ్గర ఆయన. బంతి అటు పోతే వాటాలు తారుమారు. తను చూడని చోట తోటి రిఫరీ చూస్తున్నారని నమ్మడమే ఈ పనిలో సగం.

ఆట మొదలైన కాసేపటికి, బుట్ట కింద తప్పు జరిగిందని ఆమె ఈల వేసి పిడికిలి ఎత్తింది. వెంటనే ఇంకో ఈల. ఆయన సగం కోర్టు పరుగెత్తుకొచ్చి, "నేను చూశాన్లే, తప్పు నీలం జట్టుది," అన్నాడు. ఆమె పిడికిలి దించింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆమెకి వంటిల్లు గుర్తొచ్చింది. తను రుచి చూసి దించబోయే గిన్నె మూత తీసి ఆయన ఇంకాస్త ఉప్పు వేస్తాడు. ఎక్కువైతే మాత్రం వంట ఆమెది. పిల్ల బడికి ఆమె రాసిన ఉత్తరం ఆయన మళ్ళీ రాస్తాడు. "సాయం చేస్తున్నా కదే," అంటాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు. సాయాన్ని ఏమని తిడుతుంది?

ఆఖరి నిమిషంలో, మధ్యగీత దగ్గర, నీలం జట్టు పిల్ల ఎరుపు జట్టు పిల్లని అందరూ చూస్తుండగా తోసేసింది. ఈల మోగలేదు. ఆయన కళ్ళు అప్పటికి బుట్ట కింద, ఆమె వాటాలో ఉన్నాయి.

"ఏం సార్, కళ్ళు ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చారా?" ఎరుపు జట్టు కోచ్ అరిచాడు.

బంతి బయటికి పోయి ఆట ఆగింది. ఆయన ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు చూశావు కదా? చూశానని చెప్పు, చాలు."

"చూళ్ళేదండీ. అది మీ వాటా."

"మరి ఎటు చూస్తున్నావ్?"

"నా వాటా."

ఆట అయ్యాక పరిశీలకురాలు రిఫరీల గదిలోకొచ్చింది. "వచ్చే ఆటకి మీ ఇద్దర్నీ కలిపే వేయనా?"

"వేయండి మేడమ్. పక్కన నేనుంటేనే ఆవిడకి ధైర్యం," అన్నాడాయన.

"నన్ను వేరేవాళ్ళతో వేయండి," అంది ఆమె, బూట్ల తాళ్ళు విప్పుకుంటూ.

"అదేంటే! నా మీద నమ్మకం లేదా?"

"ఆటంతా ఒక్కసారైనా మీ వాటా వైపు కన్నెత్తి చూశానా? నమ్మకం ఉండబట్టే చూడలేదు," అంది. "వచ్చేసారి, నన్నూ అలా నమ్మేవాళ్ళతో నిలబడతాను."