జోడీ ఓటు

ఆదయ్య తెల్లవారుతుండగా పోయాడు. నర్సక్క అతని కళ్లు మూసి, మెడదాకా దుప్పటి కప్పి, తన నోట్లో కొంగు కుక్కుకుంది. ఏడిస్తే పక్కింటి వెంకటవ్వకు వినబడుతుంది. చావు బయటపడితే ఓటు పోతుంది.

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో సంఘం పెట్టిన రోజుల్లో అందరూ కూలీలే. బీడీలకు వాడే తునికాకు కోతకు మొగుడూ పెళ్లాలను జోడీగా పిలిచేవారు. సంఘంలోనూ అలాగే చేరారు. రెండు పేర్లు, ఒకే సభ్యత్వం, ఒకే ఓటు. ఇద్దరిలో ఎవరొచ్చినా చెయ్యెత్తవచ్చు. జోడీలో ఒకరు పోతే మాత్రం, కమిటీ సభ్యత్వాన్ని రెండోవారి పేరుకు మార్చేదాకా ఆ ఓటు ఆగిపోతుందని అందరూ చెప్పే మాట.

పదకొండింటికి సంఘం హాస్టల్ మీద ఓటింగు. దాన్ని మూసేసి గోదాముకు ఇవ్వాలని సగంమంది పట్టు. భామ్రాగడ్ అవతలి ఊళ్ల ఆడపిల్లలు పద్దెనిమిది మంది అక్కడుండి చదువుతున్నారు. వానలకు వాగులు పొంగితే వాళ్లకు వేరే బడి లేదు. పన్నెండేళ్లుగా వాళ్లకు వండిపెడుతున్నది నర్సక్కే. అటు పందొమ్మిది, ఇటు పందొమ్మిది. మిగిలింది తన చెయ్యి.

బయటికొచ్చి తలుపుకు తాళం వేసింది.

"ఏందక్కా, బావను లోపలుంచి తాళమేస్తున్నవ్?" వెంకటవ్వ నవ్వింది. "ముసలోడు పారిపోతడనా?"

"జరమొచ్చి పండిండు. లేపకు."

మీటింగులో కిష్టన్న లేచాడు. ఆదయ్యకు తమ్ముడి వరస, గోదాము పక్షం. "అన్న మా దిక్కే ఉంటనన్నడు వదినె. ఆనంద్, ఫోన్ చేసి అడుగు."

సెక్రటరీ ఆనంద్ ఫోన్ చేశాడు. తాళం వేసిన ఇంట్లో, ఆ దుప్పటి పక్కన, ఫోన్ మోగుతూ ఉంటుంది. నర్సక్క నేలవంక చూస్తూ నిలబడింది.

"ఎత్తుతలేడత్తా."

"నిద్రపోతున్నడు కొడుకా."

"సరే, వచ్చినోళ్లదే ఓటు."

ఆమె చెయ్యెత్తింది. ఇరవై, పందొమ్మిది. హాస్టల్ నిలిచింది.

ఇంటికొచ్చి తాళం తీశాక గొంతు విప్పింది. జనం చేరారు. వెంకటవ్వ ఆదయ్య చేతులు ఛాతీ మీదికి తేబోయింది. అవి వంగలేదు.

"ఎప్పుడు పోయిండక్కా?"

నర్సక్కకు అబద్ధం నోట రాలేదు. "తెల్లారంగ."

"గట్లయితే అది దొంగ ఓటు!" కిష్టన్న గుమ్మంలోంచి అరిచాడు. "కొట్టెయ్ ఆనంద్!"

ఆనంద్ సంచిలోంచి నియమాల కాగితాలు తీశాడు. అన్నీ మరాఠీలో ఉన్నాయి. వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

"ఒకలు పోతే ఓటు అప్పటిసంది రెండోవాళ్లదే. పేరు మార్పు ఎన్నడు చేసుకున్నా సరే. ఓటు చెల్లుతది."

"మరి ఆపుతరంటిరి గద?" అంది నర్సక్క.

"ఎవ్వలు చదివిండ్రత్తా? మొగడు పోయినామె మైల తీరేదాక మీటింగుకు రాకపోయేది. గదే కాయిదా, గదే రూలు అనుకున్నం."

కిష్టన్న చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"పొద్దుగాలే చెప్పకపోతివే అక్కా," వెంకటవ్వ అతని పక్కన చతికిలబడింది. "నేను కూసుందును గద బావ పక్కన."

అతను పోయి ఆరు గంటలయింది. అతని పెదవుల మీద ఈగలు ముసిరి ఉన్నాయి. నర్సక్క కొంగుతో తోలడం మొదలుపెట్టింది. ఈగలన్నీ పోయాక కూడా తోలుతూనే ఉంది.